డీబూస్ట్: కక్ష్యలో వేగానికి కళ్లెం

2023 ఆగస్టులో రెండు దేశాల ల్యాండర్లు ఒకే సమయంలో చంద్రుడి చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి మన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్, రెండోది రష్యా పంపిన లూనా-25. రెండూ దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగాలనే బయలుదేరాయి. దిగేముందు రెండూ చేయవలసిన పని కూడా ఒకటే: తిరుగుతున్న కక్ష్యను వదిలి, నేలకు మరింత చేరువగా సాగే కక్ష్యలోకి మారాలి. విక్రమ్ ఆ పనిని ఆగస్టు 18న ఒకసారి, 20వ తేదీ తెల్లవారుజామున మరోసారి చేసి, 25 కి.మీ. × 134 కి.మీ. కక్ష్యలో కుదురుకుంది. ఈ రెండింటి నడుమ, 19న, లూనా-25 అదే పని చేయబోయి కూలిపోయింది. 84 సెకన్లు మండాల్సిన ఇంజిన్ 127 సెకన్లు మండింది.

ఇస్రో తన ప్రకటనల్లో ఈ పనికి వాడిన ఇంగ్లీషు క్రియ ‘డీబూస్ట్’. రోజువారీ ఇంగ్లీషులో ఈ మాట దాదాపు వినిపించదు. అంతరిక్ష రంగంలోనే పుట్టి అక్కడే తిరుగుతున్న మాట ఇది. రాకెట్ పరిభాషలో బూస్ట్ అంటే ఇంజిన్ మండించి వేగం పెంచడం. డీబూస్ట్ అంటే ప్రయాణిస్తున్న దిశలోకే మంటను చిమ్మి, ఆ ఎదురు తోపుతో వేగం తగ్గించుకోవడం, ఆ విధంగా కక్ష్యను కిందికి దించడం. వాడుకలో ఒక షరతు ఉంది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాన్ని పలచని గాలి రాపిడి కూడా నెమ్మదిగా కిందికి లాగుతుంది. దాన్ని ఎవరూ డీబూస్ట్ అనరు, కక్ష్య క్షీణించిందంటారు. మనిషి తలపెట్టి, లెక్క వేసి, ఇంధనం ఖర్చు పెట్టి తగ్గించినప్పుడే ఈ క్రియ వర్తిస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అలా కిందికి జారినప్పుడల్లా దాన్ని మళ్లీ పైకి నెట్టడానికి ఇంకో క్రియ ఉంది, రీబూస్ట్.

నేల మీద వేగం తగ్గడం పెద్ద విశేషం కాదు. ఇంజిన్ ఆపేస్తే చాలు, గాలీ రోడ్డూ కలిసి బండిని నిలబెట్టేస్తాయి. అంతరిక్షంలో ఆ సాయం లేదు. ఇంజిన్ ఆపిన వాహనం అదే వేగంతో అలా తిరుగుతూనే ఉంటుంది. వేగం పెంచడానికి ఎంత కష్టపడ్డామో, తగ్గించడానికీ అదే జాతి కష్టం పడాలి. అయితే ఆ తగ్గింపు ఎంత అన్నది చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. విక్రమ్ చేసిన రెండో డీబూస్టునే తీసుకుందాం. అంతకుముందు దాని కక్ష్య 113 కి.మీ. × 157 కి.మీ., వేగం సెకనుకు సుమారు 1,600 మీటర్లు. నేలకు అతి దగ్గరి బిందువును 113 నుంచి 25 కి.మీ.కు దించడానికి ఆ వేగంలో తగ్గించవలసింది సెకనుకు ఇరవై, ముప్పై మీటర్ల మధ్యే. అంటే మన ఎక్స్‌ప్రెస్ రైలు వేగమంత. నూటికి రెండు వంతులు కూడా లేని ఆ మార్పుతో కక్ష్య అంచు 88 కి.మీ. కిందికి దిగిపోయింది.

ఇంతకన్నా విచిత్రమైనది మరొకటుంది. భూమికి 400 కి.మీ. ఎత్తున వృత్తాకార కక్ష్యలో ఉన్న ఉపగ్రహాన్ని 300 కి.మీ.కు దించాలనుకుందాం. పైకక్ష్యలో దాని వేగం సెకనుకు 7,669 మీటర్లు. ఇంజిన్‌ను ఎదురు దిశలో మండించి 29 మీటర్లు తగ్గిస్తే 7,640కి వస్తుంది. ఇప్పుడు ఆ ఎత్తున నిలబడడానికి ఆ వేగం చాలదు కాబట్టి ఉపగ్రహం కిందికి జారుతుంది. జారుతూ జారుతూ వేగం పుంజుకుంటుంది. అర్ధ ప్రదక్షిణ పూర్తయి 300 కి.మీ. ఎత్తుకు చేరేసరికి దాని వేగం 7,754 మీటర్లు. అక్కడ మళ్లీ ఎదురు మంట పెట్టి ఇంకో 29 మీటర్ల మేర తగ్గిస్తే 7,726 దగ్గర కొత్త వృత్తాకార కక్ష్య స్థిరపడుతుంది. రెండుసార్లూ వేగం తగ్గించడమే చేశాం. తీరా చూస్తే ఉపగ్రహం మొదటికంటే సెకనుకు 57 మీటర్లు ఎక్కువ వేగంతో తిరుగుతోంది. ఇందులో మాయ లేదు. నూరు కిలోమీటర్లు దిగడంలో పోగొట్టుకున్న స్థితిశక్తి గతిశక్తిగా మారింది. దానిలో కొంత భాగాన్నే మన ఇంజిన్ హరించింది. మొత్తం శక్తి లెక్క తీస్తే ఉపగ్రహం పేదదే అయింది, వేగం మాత్రం పెరిగింది.

ఈ సంగతి సమీకరణాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అయినా అనుభవంలోకి వచ్చినప్పుడు మనిషి తడబడ్డాడు. 1965 జూన్ 3న జెమినీ-4 అంతరిక్ష నౌకలో వెళ్లిన వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, తమను మోసుకొచ్చిన టైటన్ రాకెట్ పైదశ పక్కనే తేలుతుంటే దాన్ని సమీపించాలని చూశాడు. విమానం నడిపే అలవాటుతో నేరుగా దానివైపే నౌకను తోలాడు. అది దగ్గరవడానికి బదులు దూరమైంది. ముందున్నదాన్ని అందుకోవాలని వేగం పెంచితే నౌక పైకక్ష్యలోకి వెళ్లి, అక్కడ వెనకబడుతుంది. అందుకోవాలంటే ముందు వేగం తగ్గించుకుని కిందికక్ష్యలోకి దిగాలి, ముందుకు సాగాలి, ఆ తర్వాతే పైకి లేవాలి. ఇంధనం సగం ఖర్చయ్యేసరికి ఆ ప్రయత్నం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 15న జెమినీ-6ఎ ఈ సూత్రాన్ని పాటించి జెమినీ-7 చెంతకు చేరింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిసి, 2025 జనవరి 16న 475 కి.మీ. ఎత్తులో ఒకదానితో ఒకటి కలిసిన మన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలకూ ఈ సూత్రమే దారి చూపింది.

నా దృష్టిలో డీబూస్టులో అసలు కష్టం తగ్గించడం కాదు, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. లూనా-25 కథంతా అక్కడే ఉంది. దాదాపు 100 కి.మీ. ఎత్తు కక్ష్య నుంచి ఒకవైపు 18 కి.మీ. వరకు దిగాలన్నది పథకం. అంటే 82 కి.మీ. కిందికి. ఇంజిన్ ఒకటిన్నర రెట్లు ఎక్కువసేపు మండింది కాబట్టి ఆ దిగుదల కూడా సుమారు ఒకటిన్నర రెట్లయింది. లెక్క కడితే కొత్త కక్ష్యలోని అతి దగ్గరి బిందువు చంద్రుడి నేలకు ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున పడుతుంది. అలాంటి కక్ష్యలో పడిన వాహనం ఒక చుట్టు కూడా పూర్తి చేయలేదు. ఇంజిన్ ఎందుకు ఆగలేదు? వాహనం వేగంలో ఎంత మార్పు వచ్చిందో కొలిచే త్వరణమాపకాలు ఆ సమయంలో మేల్కొనలేదు. వాటినుంచి కంప్యూటరుకు సున్నాలే అందాయి. కావలసినంత వేగం తగ్గిందని దానికి తెలియలేదు. చివరికి గడువు సమయం ముగిశాకే ఇంజిన్ ఆగింది.

చంద్రయాన్-2 అనుభవమూ దీనికి దూరమైనది కాదు. 2019 సెప్టెంబరు 7న అర్ధరాత్రి దాటాక అప్పటి ల్యాండర్ (దాని పేరూ విక్రమే) 30 కి.మీ. ఎత్తు నుంచి 7.4 కి.మీ. వరకు పద్ధతిగానే దిగింది. వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకు వచ్చింది. గొడవ రెండో దశలో మొదలైంది. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, ఆ దశలో వేగం అనుకున్నదానికంటే ఎక్కువగా తగ్గిపోయింది. దానితో తర్వాతి దశ మొదలయ్యే పరిస్థితులు డిజైన్ హద్దులు దాటిపోయాయి, ల్యాండర్ నేలను గట్టిగా ఢీకొంది. వేగం తగ్గక కూలిన వాహనాల గురించి వినడం మనకు అలవాటు. లూనా-25లాగే, వేగం ఎక్కువ తగ్గి గతి తప్పిన వాహనం మనది.

అందుకే చంద్రయాన్-3లో కొలత మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. కొత్తగా చేరిన పరికరాల్లో లేజర్ డాప్లర్ వెలాసిమీటర్ ముఖ్యమైనది. అది నేల మీదికి లేజర్ కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతి పౌనఃపున్యంలో వచ్చిన సూక్ష్మమైన తేడాను పట్టుకుంటుంది. వాహనం నేలను సమీపిస్తుంటే ఆ పౌనఃపున్యం కొద్దిగా పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. వేర్వేరు దిశల్లో పంపిన కిరణాల తేడాలను కలిపి చూస్తే, నేలతో పోల్చి తన వేగమెంతో ల్యాండర్‌కు నేరుగా తెలిసిపోతుంది. త్వరణమాపకం ఇచ్చే అంకెలను కూడుకుంటూ పోతే చిన్న చిన్న తప్పులూ కూడుకుంటూ పోతాయి. డాప్లర్ కొలతకు ఆ బెడద లేదు. కాళ్లను కూడా సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా గట్టిపరచారు, అంతకుముందు ఆ హద్దు 2 మీటర్లే. ఆగస్టు 23 సాయంత్రం 6.04కు విక్రమ్ నేలను తాకేసరికి, సెకనుకు 1.68 కి.మీ. వేగం మొత్తాన్ని ఇంజిన్లే హరించాయి. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి వేరే దారీ లేదు.

భూమికి తిరిగొచ్చే వాహనాల పని ఈ విషయంలో సులువు. సోయుజ్ నౌక డీబూస్టు మంట సుమారు నాలుగు నిమిషాల నలభై సెకన్లు సాగి, సెకనుకు 120 మీటర్లకు కొంచెం అటూఇటూగా వేగం తగ్గిస్తుంది. మిగతా ఏడున్నర కిలోమీటర్ల వేగాన్నీ వాతావరణమే వేడిగా మార్చేస్తుంది. ఆ కొద్దిపాటి తగ్గింపు గాలి చేతికి అప్పగించడానికే.

ఈ క్రియకు ఇకముందు పని పెరిగేది ఉపగ్రహాల ముగింపులోనే. భారత్, ఫ్రాన్స్ కలిసి 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహం ఉష్ణమండల వానలను గమనించడానికి వెళ్లింది. బరువు సుమారు వెయ్యి కిలోలు. దాని కక్ష్య ఎత్తు దాదాపు 867 కి.మీ. అలాగే వదిలేస్తే వంద ఏళ్లకు పైగా చెత్తగా తిరిగేది. ట్యాంకులో 125 కిలోల దాకా ఇంధనం మిగిలి ఉంది. 2022 ఆగస్టు నుంచి దశలవారీగా దాన్ని దించుతూ వచ్చారు. 2023 మార్చి 7న మన సమయం సాయంత్రం 4.32కు ఒకసారి, 6.21కి మరోసారి, ఒక్కొక్కటి 11 న్యూటన్ల బలమున్న నాలుగు చిన్న థ్రస్టర్లను సుమారు ఇరవై నిమిషాల చొప్పున మండించారు. 11 న్యూటన్లంటే కిలోకు కాస్త మించిన బరువును ఎత్తిపట్టే బలం. అంత చిన్న బలంతోనే కక్ష్యలోని అతి దగ్గరి బిందువు 80 కి.మీ. కన్నా కిందికి చేరింది. ఉపగ్రహం పసిఫిక్ మహాసముద్రం మీద గాలిలోకి దూసుకొచ్చి కాలిపోయింది.

అలాంటి ముగింపు కోసం తయారుకాని ఉపగ్రహం అది. మిగిలిన ఇంధనం అదృష్టంగా సరిపోయింది. 2030 నాటికి అంతరిక్షంలో చెత్త మిగల్చని ప్రయోగాలే చేస్తామని 2024లో ఇస్రో ప్రకటించింది కాబట్టి, ఇకపై ఆ ఇంధనాన్ని అదృష్టానికి వదలడం కుదరదు. చివరి డీబూస్టుకు ఎన్ని కిలోలు కావాలో డిజైన్ బల్ల మీదే తేల్చి, ఆ మేరకు కెమెరా బరువులోనో ఆయుష్షులోనో కోత పెట్టుకోవాలి.