వినిపించని మంద్రం

రాజధానిలో చేసిన శాసనం ఎవరి వేళ్ళ మీద పడుతుందో దానిని చేసినవారికి చాలా సందర్భాలలో తెలియదు. బడ్జెట్టు నాటి రాత్రి దిగుమతి సుంకాల పట్టికను తిరగవేసే మాబోటి విలేఖరులకూ తెలియదు. ఉక్కు, ఎరువులు, పెట్రోలు అనే మూడు మాటల మీద నిలిచిన చూపు వాద్యాల తంత్రుల వరకూ పోదు. పోవలసిన అవసరం ఉన్నదని ఢిల్లీలో ఇన్నేళ్ళు గడిపిన నాకు ఎన్నడూ తోచలేదు. ఆ లోటును కలకత్తాలో ఒక వృద్ధుడు తీర్చాడు.

రాజకీయ వార్తల పని మీద ఆ నగరానికి వెళ్ళి, ఒక సాయంత్రం తీరిక దొరికితే, మిత్రుడొకరు రిపన్ స్ట్రీట్ ప్రాంతంలోని ఒక పాత మేడకు తీసుకొని వెళ్ళాడు. నగరం పేరు 2001లో కోల్‌కతా అయింది. ఆ వృద్ధుని నోట మాత్రం అది నేటికీ కలకత్తాయే. ఆయన కథ చెబుతూ నేను వేరొక పేరు వాడటం న్యాయం కాదు. ఆయన ఎనభైకి దగ్గరపడిన ఆంగ్లో ఇండియన్. పార్కు స్ట్రీట్ హోటళ్ళలో బేస్ గిటార్ వాయించి బ్రతికినవాడు. పేరు వ్రాయవద్దని కోరాడు. “పేరు వేయకపోవడం నాకు అలవాటే లెండి” అని నవ్వాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు పిల్లలతో గోళీలాడి పెరిగాడు. నేను తెలుగువాడినని తెలియగానే, “ఏమండీ, భోజనం అయిందా?” అన్నాడు. అరవై ఏళ్ళుగా ఆ భాష నోటికి రాలేదట. అయినా మాటలో తడబాటు లేదు.

బేస్ గిటార్ అంటే ఏమిటో తెలియని పాఠకులు కొందరైనా ఉంటారు గనుక రెండు మాటలు. మామూలు గిటార్‌కు ఆరు తంత్రులు, దీనికి సాధారణంగా నాలుగు. మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు బదులు, మెడకు తగిలించుకొని వాయించగల విద్యుత్ వాద్యాన్ని అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి పెట్టాడు. దాని అడుగు తంత్రి సెకనుకు సుమారు 41 కంపనాల మంద్రస్వరం పలుకుతుంది. పాటలో దాని స్థానం మన కచేరీలో తంబురాకూ మృదంగానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. శ్రుతికి నేల అదే, లయకు వెన్నెముక అదే. ఉన్నంతసేపూ ఎవరూ గమనించరు. ఆగితే మాత్రం పాట కుంటుతుంది. ప్రజాస్వామ్యంలో గుమాస్తా వంటి వాద్యమన్న మాట.

1960ల చివరినుంచి పదేళ్ళపాటు పార్కు స్ట్రీట్ ఈ దేశంలో పాశ్చాత్య సంగీతానికి ముఖ్య చిరునామాలలో ఒకటి. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్, మూలాన్ రూజ్ అన్న పేర్లు అప్పట్లో ఢిల్లీ, బొంబాయి వారికి కూడా కంఠస్థం. మొకాంబోలో పామ్ క్రెయిన్ జాజ్ పాడేది. ట్రింకాస్‌లో పట్టుచీర కట్టి, పెద్ద బొట్టు పెట్టుకొని ఇంగ్లీషు పాటలు పాడి 1969లో జనాన్ని విస్తుపరచిన ఉషా ఊతుప్‌ను తర్వాత తెలుగు సినిమా శ్రోతలు కూడా ఎరుగుదురు. లూయిజ్ బ్యాంక్స్ పియానో, బ్రాజ్ గొన్సాల్వెజ్ శాక్సొఫోన్, కార్ల్‌టన్ కిట్టో గిటార్ ఆ వీధి వెలుగులు. మన వృద్ధుడు వీరిలో ఎవరి పక్కనైనా నిలబడి వాయించానని గొప్పలు పోలేదు. వారానికి ఆరు రాత్రులు, మధ్యాహ్న భోజన సమయంలో ఒక విడత, ఆదివారం విద్యార్థుల కోసం జామ్ సెషన్. అది ఉద్యోగం, ఆఫీసుకు పోయినట్లు పోయేవాళ్ళం అన్నాడు.

ఆ ఉద్యోగానికి పనిముట్లే కరవు. 1991 సంస్కరణలకు ముందు విదేశీ వాద్యాన్ని తెచ్చుకొనడానికి లైసెన్సు కావాలి; లైసెన్సు ఉన్నా సుంకం వాద్యాన్ని మింగేది. ఓడలలో పనిచేసే పరిచయస్థులెవరైనా తెస్తే భాగ్యం. లేకపోతే లాల్ బజార్ దాటి చిత్పూర్ రోడ్డు మొదట్లోని వాద్యాల దుకాణాలే గతి. నేటి రవీంద్ర సరణి అదే. సితారు, హార్మోనియం చేసే చేతులే అక్కడ గిటార్‌నూ చేసేవి. ఈయన మొదటి బేస్ అక్కడ చేయించినదే. టేకు కర్ర, చెక్కిన మెడ. లోపలి తీగచుట్టను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే పనివాడు చుట్టి ఇచ్చాడు. ఆంప్లిఫయర్‌ను చాందినీ చౌక్ బజారులో వాల్వులు కొని ఒక రేడియో మెకానిక్ కట్టాడు. చలికాలంలో కాళ్ళు కాచుకోవడానికి కూడా అది పనికివచ్చేదట.

తంత్రుల సంగతి మరీ విచిత్రం. లోహపు తంత్రి చుట్టల సందులలో చెమట, మురికి చేరి స్వరం మొద్దుబారుతుంది. కొత్తవి కొనే స్తోమత లేదు. కనుక పాతవాటిని విప్పి, గిన్నెలో వేసి, నీళ్ళు పోసి పొయ్యి మీద మరిగించేవాడు. మురికి వదిలి మళ్ళీ కొన్ని రాత్రులు పలికేవి. “మా ఆవిడ ఆ గిన్నెను వంటకు రానిచ్చేది కాదు” అన్నాడు. నెలకొకసారి మరిగించిన తంత్రులతో ఒక మనిషి వందలాది రాత్రులు శ్రీమంతులను నాట్యం చేయించాడని, ఆ సుంకాల పట్టిక తయారుచేసిన కార్యదర్శికి తెలిసి ఉంటుందా?

ఇక కరెంటు. డెబ్బైలలో కలకత్తా కరెంటు కోతల గురించి ఆ నగరం ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. దీపాలు ఆరగానే డ్రమ్ములు మోగుతూనే ఉండేవి, శాక్సొఫోన్ పలుకుతూనే ఉండేది, గాయని గొంతెత్తేది. నోరు మూతపడేది విద్యుత్ వాద్యానికి మాత్రమే. చీకటిలో తంత్రులు మీటుతూ నిలబడేవాడినని, వినేది తానొక్కడేనని, అయినా తాళం తప్పేవాడిని కానని చెప్పాడు. ఎందుకని అడిగాను. కరెంటు ఏ క్షణంలో తిరిగి వస్తుందో తెలియదు కదా, వచ్చేటప్పటికి పాటలో నా చోట నేను ఉండవద్దా అన్నాడు. ఈ మాటను నేను ఢిల్లీకి తెచ్చుకొన్నాను.

ఆ వీధి సంగీతం ఎందుకు ఆరిపోయిందన్న ప్రశ్నకు కలకత్తాలో అందరూ చెప్పే జవాబు వినోదపు పన్ను. సంగీతం ఉన్న హోటలు బిల్లు మీద రాష్ట్ర ప్రభుత్వం పెద్ద పన్ను వేసింది. యజమానులు బ్యాండ్లను మాన్పించి టేపులు పెట్టుకొన్నారు. ఇందులో నిజం ఉన్నది. కాని పన్ను ఒక్కటే కారణమంటే అది రాజకీయం అవుతుంది, చరిత్ర కాదు. నక్సల్బరీ అనంతర సంవత్సరాలలో రాత్రివేళ నగరంలో తిరగడానికి జనం జంకారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆస్ట్రేలియాకూ, కెనడాకూ వలసపోయాయి. సంగీతజ్ఞులు సినిమా పనికి బొంబాయి చేరారు. సిద్ధార్థ శంకర్ రాయ్ ప్రభుత్వం పోయి 1977లో వామపక్ష ప్రభుత్వం వచ్చినా బేస్ వాద్యకుని జీతం పెరగలేదు. ఒకరికి అది పన్ను దొరికే విలాసం, మరొకరికి బూర్జువా విలాసం. అది కొందరికి కూలి అని ఇద్దరికీ తట్టలేదు.

శ్రీకాకుళం ఎరిగిన పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటి. నక్సల్బరీ ఉద్యమ సంబంధం వల్ల జైలుకు వెళ్ళివచ్చిన గౌతమ్ చట్టోపాధ్యాయ 1975లో మిత్రులతో, సోదరులతో కలిసి ‘మొహీనేర్ ఘొడాగులి’ అనే బృందాన్ని కట్టాడు. పేరు జీవనానంద దాస్ కవితలోనిది. బావుల్ పాటనూ, పాశ్చాత్య వాద్యాలనూ కలిపి వారు బెంగాలీలో పాడారు. 1977 నుంచి 1979 వరకు మూడు రికార్డులు వచ్చాయి. నాడు పట్టించుకొన్నవారు తక్కువ. తొంభైలలో కొత్త తరం వారిని తలకెత్తుకొన్నది. పార్కు స్ట్రీట్ వాద్యాలు ఆ విధంగా బెంగాలీ వీధులలోకి దిగాయి. మేము ఊరికే అరువు పాటలు వాయించాం, వాళ్ళు సొంత పాట కట్టారు అని మన వృద్ధుడు ఏ అసూయా లేకుండా ఒప్పుకొన్నాడు.

రేడియో మాట వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. కలకత్తా కేంద్రం 1927 ఆగస్టు 26న, బొంబాయి తర్వాత నెల రోజులకు ప్రారంభమైంది. ఈ కేంద్రానికి వాద్యాలతో పేచీలు మొదటినుంచీ ఉన్నవే. హార్మోనియాన్ని స్టూడియో నుంచి తీసివేయమని రవీంద్రనాథ ఠాకూర్ 1940లో కోరగా, ఆ ఏడాదే అది ఆకాశవాణిలో నిషిద్ధమైంది; సడలింపు 1971లో గాని రాలేదు. 1952లో సమాచార శాఖ చేపట్టిన కేస్కర్ గారు సినిమా పాటలను తగ్గించివేశారు. శ్రోతలు రేడియో సిలోన్‌కు తరలిపోయారు. ప్రభుత్వం 1957లో వివిధ భారతి తెచ్చి తప్పు దిద్దుకొన్నది. ఇంత శుద్ధిలోనూ కలకత్తా ‘బి’ పాశ్చాత్య సంగీతానికి కొంత చోటు ఇచ్చింది. ‘మ్యూజికల్ బ్యాండ్‌బాక్స్’ కోసం ఆ నగరపు కుర్రవాళ్ళు కాచుకొని కూర్చునేవారు. విదేశీ రికార్డు కొనలేని వాద్యకుడికి అదే పాఠశాల. పాట మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒక్కసారి వినడంలోనే బేస్ వరుస పట్టుకోవాలి.

ఈయన కూడా ఒకసారి రేడియోలో వాయించాడు. ఖరగ్‌పూర్‌లో తల్లి ట్రాన్సిస్టర్ దగ్గర కూర్చుని ఆసాంతం విన్నది. తర్వాత ఉత్తరం వ్రాసింది. పాట చాలా బాగున్నదట. కాని అందులో నువ్వు ఎక్కడున్నావు నాయనా అని అడిగిందట.

తప్పు ఎవరిదీ కాదు. అరచేతి వెడల్పు స్పీకరు అంత మంద్రస్వరాన్ని పలకలేదు. పై అంశస్వరాలు మాత్రం వినిపిస్తాయి. వాటినిబట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకొంటుంది. అంటే ఆ తల్లి కుమారుని వాద్యాన్ని విన్నది, విన్నట్లు తెలియక విన్నది. ఆ ఉత్తరం ఆయన పెట్టెలో ఇంకా ఉన్నది.

ఇక ఢిల్లీ సంగతికి వస్తాను. సంగీతజ్ఞుల బ్రతుకును మలుపు తిప్పిన రెండు సుప్రీంకోర్టు తీర్పులు కలకత్తా నుంచి వచ్చినవే. మొదటిది 1977 మార్చిలో. పాట కట్టినవారి తరఫున ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ రుసుము అడిగింది. తూర్పు భారత చలనచిత్ర సంఘం ఎదిరించింది. డబ్బిచ్చి పాట చేయించుకొన్న నిర్మాతే, వేరే ఒప్పందం లేకపోతే, దాని యజమాని అని కోర్టు తేల్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ మాత్రం, గాయకుడికి చట్టంలో హక్కు లేకపోవడం ఈ దేశపు సంగీత స్వభావానికే విరుద్ధమని, పార్లమెంటు ఆలోచించాలని ప్రత్యేకంగా వ్రాశారు. పార్లమెంటు ఆలోచించడానికి పదిహేడేళ్ళు పట్టింది. ప్రదర్శకుని హక్కు 1994 సవరణతో గాని రాలేదు. రాయల్టీలో వాటా 2012 సవరణతో గాని రాలేదు. డెబ్బైలలో పూజా పాటల రికార్డులకు బేస్ వాయించిన మనిషికి ఇవి రెండూ అందలేదు. రికార్డు మీద గాయకుడు, స్వరకర్త, రచయితల పేర్లుంటాయి. ఆ పూటకు ఇచ్చిన కూలితో ఆయన బాకీ చెల్లిపోయింది.

రెండవది 1995 ఫిబ్రవరి 9న. హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకూ 1993లో వచ్చిన తగాదా అది. పోటీ జరిగిన ఈడెన్ గార్డెన్స్‌కు ఎదురుగానే కలకత్తా ఆకాశవాణి భవనం ఉండటం ఒక చమత్కారం. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదని కోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తమ ప్రత్యేక తీర్పులో మరొక హెచ్చరిక చేశారు. ప్రైవేటు ప్రసారాలను అనుమతించినా వాటిని మార్కెట్టుకే వదలివేయరాదు, భిన్న స్వరాలకు చోటుండాలి అన్నారు.

మొదటి మాటను ఢిల్లీ విన్నది. రెండవదాన్ని చిన్న స్పీకరు మంద్రస్వరాన్ని విన్నట్లే విన్నది. పౌనఃపున్యాలను వేలం వేశారు. ప్రైవేటు ఎఫ్.ఎం. 2001లో బెంగుళూరులో, 2003లో కలకత్తాలో మొదలైంది. వేలంలో లక్షలు పోసినవాడు వాటిని రాబట్టుకోవాలి. రాబట్టాలంటే అందరూ వినే సినిమా పాటే వేయాలి. సొంత వార్తలు చెప్పే స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. 2011 విధానం ఆకాశవాణి వార్తలనే మార్చకుండా వినిపించమన్నది. ఆస్తి ప్రజలదే, అద్దె ఖజానాది, రుచి వ్యాపారిది, వార్త సర్కారుది. ఎఫ్.ఎం.లో బేస్ మునుపటికన్నా బాగా వినిపిస్తుంది, సందేహం లేదు. అయితే ఆ ఊరివాడు ఎవరైనా వాయిస్తున్నాడా అన్నది వేరే ప్రశ్న.

వచ్చేస్తుంటే ఆయన ఆ టేకు వాద్యాన్ని తీసి, పాత ఆంప్లిఫయర్‌కు తగిలించి, అడుగు తంత్రిని ఒక్కసారి మీటాడు. చెవికన్నా ముందు కాళ్ళ కింది నేలకు తెలిసింది. బల్ల మీది టీ గ్లాసు సన్నగా వణికింది. “మా అమ్మకు ఇది వినిపించాలనుకొన్నాను” అన్నాడు.

కింద వీధిలో ఎవరి దుకాణంలోనో ఎఫ్.ఎం. మోగుతున్నది. మెట్లు దిగి కాసేపు నిలబడి విన్నాను. పాట ఏదో గుర్తు లేదు. దాని అడుగున వాయిస్తున్న మనిషి ఎవరా అని మాత్రం మొదటిసారి ఆలోచించాను.