మిక్సీ లేకపోయినా పచ్చడి ఆగదు

మాది పిట్టలవానిపాలెం. కాలవ నీటిమట్టం కొలిచే బోర్డు మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. దాని గురించి చెప్తే నాన్న ఒక్కటే అడిగారు: "కరెంటు పోయి వచ్చాక దానంతటదే లేస్తదా?" లేస్తుందన్నాను. లేవలేదు!

ఎందుకో చెప్తాను. మేం వాడింది బీగల్‌బోన్ బ్లాక్. పవర్ రాగానే అందులో నేరుగా లినక్స్ రాదు. చిప్‌లోని బూట్ రోమ్ ముందు ఎస్‌పీఎల్ అనే చిన్న ప్రోగ్రామును తెస్తుంది. అది 512 ఎంబీ ర్యామ్‌ని సిద్ధం చేసి, అసలు బూట్‌లోడర్ యూ-బూట్‌ను లోడ్ చేస్తుంది. చిక్కల్లా ఎస్‌పీఎల్ సైజు 109 కేబీ దాటకూడదు. నేను ఎస్‌పీఐ ఫ్లాష్ డ్రైవర్ కలపగానే చోటు చాల్లేదని లింకర్ మొండికేసింది.

అందుకే యూ-బూట్‌లో ఫీచర్లన్నీ కేకాన్ఫిగ్ ఆప్షన్లుగా ఉంటాయి. ఉదాహరణకి ఎస్‌డీ కార్డు. ఎస్‌పీఎల్ దాన్ని చదివితే చాలు, రాయక్కర్లేదు. కాబట్టి రాసే కోడ్‌ని ఎస్‌పీఎల్ వరకు తీసేసి, అసలు యూ-బూట్‌లో ఉంచుకోవచ్చు. సోర్సు ఒక్కటే. 'కాన్ఫిగ్ ఈజ్ ఎనేబుల్డ్' అనే మాక్రో, ఇప్పుడు బిల్డ్ అవుతున్నది ఎస్‌పీఎలా, యూ-బూటా చూసి దానికి తగ్గ ఆప్షన్ చెక్ చేస్తుంది. మామూలు ఇఫ్ కండిషన్‌లో పెడితే, అక్కర్లేని భాగాన్ని కూడా కంపైలర్ తప్పుల కోసం ఒకసారి చూసి, ఆ తర్వాతే వదిలేస్తుంది. ఇఫ్‌డెఫ్‌తో ఈ లాభం లేదు.

నేనూ అలాగే ఎస్‌పీఎల్‌లో క్లాక్ సపోర్ట్ తీసేశాను. సైజు సరిపోయింది, బోర్డు మాత్రం మూగబోయింది. రెండు రోజులు కేబుల్‌ని తిట్టుకున్నాక అసలు తప్పు దొరికింది. సపోర్ట్ తీసేస్తే క్లాక్ అడిగే ఫంక్షన్ 'ఈనోసిస్' అని తిరిగిస్తుంది. అంటే "ఆ సౌకర్యం ఇక్కడ లేదు" అని. నా డ్రైవరేమో సున్నా కానిదల్లా ఎర్రరే అనుకుని ఆగిపోయింది. నిజానికి బోర్డు సెటప్ కోడ్ అప్పటికే ఆ క్లాక్‌ని ఆన్ చేసేసింది!

ఇంట్లో మిక్సీ లేకపోతే అమ్మ రోట్లో పచ్చడి నూరుతుంది. వంట ఆగదు. అదే ఉన్న మిక్సీ షాక్ కొడితే మాత్రం ముందు స్విచ్ ఆపాల్సిందే. డ్రైవర్‌కీ ఈ తేడా తెలియాలి. ఈనోసిస్ వస్తే ముందుకెళ్లాలి, ఇంకే ఎర్రరొచ్చినా ఆగి చెప్పాలి. అన్ని ఎర్రర్లనీ వదిలేస్తే అది ఇంకా ప్రమాదం. అలాగని క్లాక్‌ని ఎవరూ ముందుగా ఆన్ చేయని బోర్డులో ఆ సపోర్ట్ తీయనేకూడదు.

ఒక్క కండిషన్ మార్చాను. మొన్న ఊళ్లో కరెంటు పోయి వచ్చింది. నాన్న ఫోన్ చేసి, "లైటు వెలిగిందిరా" అన్నారు.