కత్తికి తగిన ఒర

పెన్సిలిన్ ఔషధంగా వాడుకలోకి రాకమునుపే దానిని నాశనం చేసే ఎంజైము ఒకటి బాక్టీరియాలో కనిపించింది. ఆక్స్‌ఫర్డులో ఎర్నెస్ట్ చెయిన్, ఎడ్వర్డ్ ఏబ్రహామ్ 1940లో ఆ సంగతి ప్రకటించారు. ఇటువంటి ఎంజైములను నేడు బీటా లాక్టమేజులు అంటున్నారు.

పెన్సిలిన్ అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంది. బాక్టీరియా తన కణకవచాన్ని నిర్మించుకోకుండా అడ్డుపడే శక్తి ఆ వలయానిదే. ఎంజైము నీటి అణువు సాయంతో దానిని ఛేదిస్తుంది; తాను మాత్రం చెక్కుచెదరక మరొక అణువు పైకి పోతుంది. 1965లో, గ్రీసు దేశపు రోగి నుండి సేకరించిన బాక్టీరియాలో గుర్తించినట్లు వెల్లడైన టెమ్-1 అనే ఎంజైము సెకనుకు సుమారు వెయ్యి పెన్సిలిన్ అణువులను విరిచివేయగలదు. మోతాదు పెంచినంత మాత్రాన రోగం లొంగకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ కత్తికి తగిన ఒరను తయారుచేసేది కూడా ఒక బాక్టీరియాయే. మట్టిలో నివసించే స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ స్రవించే ఆ ప్రోటీను పేరు 'బ్లిప్'. అది 165 అమైనో ఆమ్లాల గొలుసు. 1990వ దశకంలో ఎక్స్-కిరణాల సాయంతో దాని ఆకృతి తెలిసింది. దాని ఒక ముఖం దోసిలివలె లోతుగా ఉంటుంది. ఎంజైములో ముందుకు పొడుచుకొని వచ్చిన భాగం ఆ దోసిలిలో ఇముడుతుంది. అప్పుడు బ్లిప్‌లోని రెండు మెలికలు పెన్సిలిన్ కుదురుకోవలసిన చోటులోనికే చొచ్చుకొని పోతాయి. 49వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం పెన్సిలిన్‌లోని ఆమ్లభాగాన్ని అనుకరిస్తుంది. పోలిక పెన్సిలిన్‌దే, విరవడానికి వలయం మాత్రం లేదు!

అయితే ప్రతి కత్తీ ఈ ఒరలో ఇమడదు. టెమ్-1కు దాయాది వంటి ఎస్‌హెచ్‌వి-1 ఎంజైములో 104వ స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది. ప్రధానంగా ఆ ఒక్క భేదం చేతనే బ్లిప్ పట్టు సుమారు వెయ్యి రెట్లు సడలుతుంది.

టెమ్-1ను అంత గట్టిగా పట్టే ఈ ప్రోటీను మందు కాలేకపోవడానికి దాని పరిమాణమే అవరోధం. మింగితే జీర్ణరసాలు దానిని ముక్కలు చేస్తాయి. అదీగాక టెమ్-1 బాక్టీరియా కణానికి ఉన్న రెండు పొరల నడుమ పనిచేస్తుంది. వెలుపలి పొరలోని సన్నని రంధ్రాల గుండా పెన్సిలిన్ దూరగలదు గాని బ్లిప్ దూరలేదు. అదే మట్టిజీవి తయారుచేసే క్లావులానిక్ ఆమ్లం చిన్న అణువు కనుక దూరగలిగింది. అమాక్సిసిలిన్‌తో కలిసి అది 1981లో బ్రిటనులో విపణికి వచ్చింది. వైద్యులు నేటికీ ఆ జంటను వాడుతున్నారు. కాని టెమ్ ఎంజైములలోనే కొన్ని రూపు మార్చుకొని దానికీ లొంగకుండా పోయాయి.

అందుచేత కొందరు శాస్త్రవేత్తలు మళ్ళీ బ్లిప్ వైపు చూశారు. చొచ్చుకొనిపోయే మెలికలను మాత్రమే పోలిన చిన్న పెప్టైడులను తయారుచేశారు. అవి ఎంజైమును కొంత నిరోధించాయి గాని, బ్లిప్‌తో పోల్చితే వాటి పట్టు అతి దుర్బలం. ఆ బలం మెలికలది మాత్రమే కాదు, దోసిలి అంతటా పరచుకొని ఉన్నది.