బుల్లెట్‌కు పెద్ద ఆయిల్ పంపు ఏస్తున్నరా? జర ఆగుండ్రి

పాత బుల్లెట్ల మీద మల్ల మోజు పెరిగింది. తాత నడిపిన బండి కొట్టంల కట్టెల కింద ఏండ్ల సంది పడి ఉంటది. పోరగాళ్లు దాన్ని బయటకు గుంజి, వాకిట్ల గోనెసంచి పరిచి, ఫోన్ల వీడియో పెట్టుకొని ఇప్పుతున్నరు. మంచిదే. చేతులకు మసి కాకుండ ఈ పని ఎవ్వలకు రాదు. కాని నన్ను అడిగేటోళ్లు ఎక్కువ మంది ఒకటే ముచ్చట అడుగుతున్నరు: "అన్నా, పెద్ద పంపు ఏస్తే ఇంజన్ చల్లగ ఉంటదట గద?"

ఆ పని నేను చేసిన. ఏమైందో ముందు చెప్త.

మా బండి పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 350. పట్నంల ఒక దుకాణపాయన "ఇది ఎక్కువ ఆయిల్ కొడ్తది" అని పెద్ద ఫీడ్ పంపు చేతుల పెట్టిండు. తెచ్చి బిగిచ్చిన. రెండో పంపును ముట్టలే. స్టార్ట్ చేస్తే చప్పుడు ముద్దుగ వచ్చింది. మా బామ్మర్దిని ఎన్క కూసోబెట్టుకొని ఊరి బయటకు పోయిన. నాలుగు కిలోమీటర్లు పోయెసరికి సైలెన్సర్ల నుంచి నీలం పొగ. బండి ఆపి ట్యాంకుల పుల్ల పెట్టి సూస్తే ఆయిల్ తక్కువ సూపిచ్చింది. అయ్యో, అయిపోతున్నదని ఇంకో అర లీటర్ పోసిన. అదే నేను చేసిన అసలు తప్పు. మల్ల కొంచెం దూరం పోయినంక కాలువ మూల మలుపు తిప్పుతుంటే ఎన్క టైరు జారింది. బ్రీదర్ గొట్టంల నుంచి కక్కిన ఆయిల్ మొత్తం చైను మీద, టైరు మీద. బామ్మర్ది మోకాలు చిప్ప పగిలింది. అక్కతోని తిట్లు తిన్నది వేరే ముచ్చట.

ఎందుకట్లైందో తెల్వాలంటే ఈ ఇంజన్ల ఆయిల్ నడిచే తొవ్వ తెల్వాలె.

మనం రోజు నడిపే వంద సీసీ బండ్లల్ల ఇంజన్‌కు, క్లచ్‌కు, గేర్లకు అంతా ఒకటే ఆయిల్. అది ఇంజన్ అడుగుననే ఉంటది. పాత బుల్లెట్ల అట్ల కాదు. ఇంజన్ ఆయిల్ వేరే, గేర్‌బాక్స్‌ది వేరే, క్లచ్ ఉండే చైన్‌కేసుది వేరే. ఇంజన్ ఆయిల్‌కు క్రాంక్ గది ఎన్కనే, అదే పోతలో ఒక అర ఉంటది. అదే ట్యాంకు. క్రాంక్ తిరిగే గదిల ఆయిల్ నిలువొద్దు, కారంగనే గుంజి ట్యాంకుల పొయ్యాలె. డ్రై సంప్ అనేది దీన్నే.

అందుకే రెండు పంపులు. ఒకటి ఫీడ్, ట్యాంకుల నుంచి గుంజి బిగ్ ఎండ్‌కు పంపుతది. ఇంకోటి రిటర్న్, కింద పడ్డ ఆయిల్‌ను ఎత్తి ఎన్కకు పంపుతది. రెండూ కుడి దిక్కు టైమింగ్ కవర్‌ల ఉంటయి. క్రాంక్ కొసకు ఉన్న వార్మ్ నట్టు ఒక సన్న కడ్డీని మెల్లగ తిప్పుతది. ఆ కడ్డీ రెండు కొసలకు ఉన్న ప్లంజర్లు పిచికారి లెక్క ముందుకు ఎన్కకు ఆడుతయి.

ఇప్పుడు అసలు లెక్క. రిటర్న్ పంపు ఎప్పుడైనా ఫీడ్ కన్నా పెద్దగ ఉండాలె. ఎందుకంటే ఫీడ్‌కు వచ్చేది వట్టి ఆయిల్. రిటర్న్ గుంజేది ఆయిల్, గాలి కలిసిన నురుగు. సగం గాలే ఎత్తుతది కాబట్టి దాని తాకతు ఎక్కువ ఉండాలె. కంపెనీ అట్లనే చేసింది. నేను ఏం చేసిన? ఫీడ్ పెంచిన, అరిగిపోయిన రిటర్న్‌ను అట్లనే ఉంచిన. బావిల ఊట పెరిగి మోటరు చిన్నదైతే నీళ్లు మీదికి రావా? అట్లనే క్రాంక్ గది నిండింది. ఫ్లైవీల్స్ ఆ ఆయిల్‌ను చిలికినయి. కొంత పిస్టన్ మీదికి పోయి పొగైంది, కొంత బ్రీదర్ల నుంచి బయటపడ్డది. ట్యాంకుల తక్కువ సూపిచ్చింది గద, అది పోయిన ఆయిల్ కాదు, కింద గదిల దాక్కున్న ఆయిల్. దాని మీద నేను ఇంకా పోసిన.

బండి శాన దినాలు నిలవెట్టినా ఇట్లనే అయితది. ఫీడ్ పంపుల నుంచి ఆయిల్ మెల్లగ కిందికి జారుతది. అందుకే ఈ బండికి ఆయిల్ లెవెల్ ఎప్పుడు సూసినా, కొద్దిసేపు నడిపినంకనే సూడాలె. పొద్దుగాల లేవంగనే సూసి పోసేటోళ్లు పొగ పెట్టుకుంటున్నట్టే.

మీ రిటర్న్ పంపు మంచిగున్నదా లేదా తెల్సుకునుడు అల్కటి. బండి వేడిగ నడిపి ఆపంగనే క్రాంక్ గది డ్రెయిన్ బోల్టు ఇప్పుండ్రి. ట్యాంకుది వేరే, క్రాంక్ గదిది వేరే, గడబిడ కావొద్దు. చాయ్ గ్లాసు కన్నా ఎక్కువ వచ్చిందంటే రిటర్న్ పంపు పని చేస్తలేదు. కొత్త పంపు కొనెముందు పాతదాన్ని ఇప్పి సూడుండ్రి. గుండ్రటి డిస్క్ దాని కూసునే జాగల సాపుగ ఆనకపోతే ఆయిల్ పక్కకు కారుతది. సన్న పాలిష్ పేస్టు పెట్టి చేత్తోని మెల్లగ రుద్దితే శాన సార్లు అదే బాగైతది. కాని పేస్టు ఇంచంత కూడా మిగలొద్దు. కిరోసిన్‌తోని రెండు మూడు సార్లు కడుగుండ్రి. మిగిలిన పేస్టు సీదా పోయి బిగ్ ఎండ్‌ను తింటది. క్రాంక్ పనికి పంపు ధర కన్నా ఎన్నో రెట్లు అయితది.

టైమింగ్ కవర్ ఎట్లైన ఇప్పుతున్నరు కాబట్టి ఇంకో రెండు ముచ్చట్లు. వార్మ్ నట్టుకు ఉల్టా థ్రెడ్డు. ఇప్పాల్నని మామూలుగ తిప్పితే ఇంకా బిగుస్తది, గట్టిగ కొడితే తెగుతది. ఇట్ల తెంపినోళ్లను నేను సూసిన. రెండోది, క్రాంక్ కొసకు ఆయిల్ లోపలికి పోయే కాడ ఒక చిన్న కార్క్ సీల్ ఉంటది. సూస్తే సీసా బిరడా ముక్క లెక్కనే. అది అరిగితే ఎంత పెద్ద పంపు ఏసినా ఆయిల్ బిగ్ ఎండ్‌కు పోదు, కవర్‌లనే కారుతది. కవర్ ఇప్పినప్పుడల్లా అది కొత్తది ఎయ్యాలె. నా లెక్కల పెద్ద పంపు కన్నా ఈ బిరడా ముక్క ఎక్కువ ఇంజన్లను బతికిచ్చింది.

ఇగ ఫిల్టర్. లోపల ఫెల్ట్ గుడ్డ ఉంటది. ఇప్పెటప్పుడే వాషర్లను వరుసల గోనెసంచి మీద పెట్టుండ్రి, లేకుంటే ఫోన్ల ఫోటో తీయుండ్రి. మార్చినంక ఫిల్టర్ గది ఖాళీగ ఉంటది గద, దాన్ని ఆయిల్‌తోని నింపాలె. స్పార్క్ ప్లగ్గు తీసేసి, కవర్ మీది ఫీడ్ బోల్టు వదులు చేసి, ఆయిల్ కనవడేదాంక కిక్కు కొట్టుండ్రి. కనవడినంకనే బోల్టు బిగిచ్చి, ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేయాలె. ఇది చెయ్యకుండ ఒక్క నిమిషం ఎండగ నడిపినా బిగ్ ఎండ్ మీద దెబ్బ పడుతది.

ఆయిల్ కూలర్ సంగతి కూడా అడుగుతున్నరు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు, పద్దెనిమిది హార్స్‌పవర్. మెల్లగ తిరిగే ఇంజన్ ఇది. ఊరికి, మార్కెట్‌కు తిరిగే బండికి కూలర్ అక్కెర లేదు. మే నెల ఎండల ఎక్కువ వేడెక్కుతుందంటే ముందు కార్బురేటర్ పెట్రోలు తక్కువ ఇస్తుందా, పాయింట్ టైమింగ్ తప్పిందా సూడుండ్రి. ఆయిల్ 20డబ్ల్యూ50 పోసి టైముకు మార్చుండ్రి, సాలు. పైపులు, జాయింట్లు ఎన్ని పెరిగితే కారే జాగలు అన్ని పెరుగుతయి. ఎట్లైన పెట్టుకుంటమంటే రిటర్న్ దిక్కు పెట్టాలె. ఫీడ్ పైపు పగిలితే ఇంజన్‌కు ఆయిల్ చుక్క పోదు.

ఇంట్ల చేసుకునే మార్పుల్ల నేను మంచిదనేది బ్రీదర్ ఒక్కటే. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్ గదిల గాలి ఒత్తుతది. బయటకు పోవాలె, మల్ల లోపలికి రావొద్దు. అందుకే గొట్టం కొసకు బాతు మూతి లెక్క రబ్బర్ వాల్వు ఉంటది. ఎండకు అది గట్టివడితే గాలి ఆగి, జాయింట్లల్ల నుంచి ఆయిల్ చెమరుస్తది. కొత్త వాల్వు, కొంచెం లావు గొట్టం, కొసకు ఒక డబ్బా. డబ్బాకు గాలి పోయే తూటు తప్పక ఉండాలె, మూత బిగిచ్చొద్దు. గొట్టం టైరుకు, చైనుకు దూరంగ పోవాలె.

తీసిన పాత ఆయిల్ బావికాడ, పొలంల పొయ్యొద్దు. డబ్బాల పట్టి మెకానిక్ షెడ్డుకు ఇయ్యుండ్రి.

మా బండికి పెద్ద పంపు తీసేసిన. పాత రిటర్న్‌ను రుద్ది, కొత్త సీల్ ఏసి, బ్రీదర్ మార్చిన. ఇప్పుడు పొగ లేదు. బామ్మర్ది మాత్రం ఇంకా ఎన్క కూసోమంటే కూసుంటలేడు.