రూటర్ బోర్డు చచ్చిపోయిందా? మూడు అంకెలు లెక్కపెట్టండి: బూట్‌లోడర్ అప్‌గ్రేడ్

ఈరోజు బూట్‌లోడర్ గురించి మాట్లాడుకుందాం. మధ్యలో స్కిప్ చేయకండి, ఎందుకంటే ఈ పని నేను ఒకసారి సగంలో చెడగొట్టుకున్నా. అది కూడా చెప్తా.

మాది లాల్ దర్వాజా. మా బిల్డింగ్‌లో పదకొండు ఇళ్లకి ఒకటే కనెక్షన్, ఒకటే రూటర్: మైక్రోటిక్ హెక్స్. అరచేతిలో పట్టేంత డబ్బా, ఐదు పోర్టులు. లాట్వియాలో రీగా కంపెనీది. దాన్ని చూసుకునే పని నాది. జీతం లేదు, తిట్లు మాత్రం టైమ్‌కి వస్తాయి.

ముందు అసలు సంగతి. రూటర్‌కి కరెంట్ ఇవ్వగానే మొదట లేచేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. అంతకంటే ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి, మెమరీని, పోర్టులను సిద్ధం చేసి, సిస్టమ్ ఎక్కడుందో వెతికి దాన్ని లేపుతుంది. అదే బూట్‌లోడర్. మైక్రోటిక్ బోర్డుల్లో దాని పేరు రూటర్‌బూట్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకునే మామూలు రూటర్లలో ఎక్కువగా ఉండేది యూ-బూట్. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ పీపీసీబూట్ పేరుతో మొదలుపెట్టిన పని అది, 2002లో యూ-బూట్ అయింది.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, రూటర్‌ఓఎస్ అప్‌డేట్ చేస్తే అన్నీ అప్‌డేట్ అయిపోయాయనుకుంటారు. కాదు. విన్‌బాక్స్ తెరిచి సిస్టమ్‌లో రూటర్‌బోర్డ్ నొక్కండి. కరెంట్ ఫర్మ్‌వేర్, అప్‌గ్రేడ్ ఫర్మ్‌వేర్ అని రెండు నంబర్లు కనబడతాయి. అవి వేరువేరుగా ఉంటే మీ బూట్‌లోడర్ పాతదే అన్నమాట. అక్కడే అప్‌గ్రేడ్ బటన్ ఉంటుంది. నొక్కి, ఎస్ అని, లాగ్‌లో అయిపోయిందని మెసేజ్ వచ్చేదాకా ఆగి, అప్పుడు రీబూట్. పని ఇంతే.

నేను ఇదంతా ఎప్పుడు పెట్టుకున్నానో తెలుసా? బోనాల ఆదివారం సాయంత్రం. గల్లీ నిండా లైట్లు, మైకులు. అందరూ గుడి దగ్గర ఉంటారు, నెట్ ఎవరూ వాడరులే అనుకున్నా. అప్‌గ్రేడ్ నొక్కిన, మెసేజ్ రాలేదు, ఠప్పున కరెంట్ పోయింది.

పది నిమిషాలకు వచ్చింది. రూటర్‌లో పవర్ లైట్ వెలిగింది. అంతే. బీప్ లేదు, పోర్టు లైట్లు లేవు. ఇంతలో పైనింటి అక్క మెట్లు దిగి వచ్చింది. "తమ్ముడూ, నెట్ ఏమైంది? పాప ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లు ఈ రాత్రికే లాస్ట్!" పాప ఫోన్‌లో డేటా అప్పటికే అయిపోయిందట. నాకు చెమటలు పట్టినయ్. తెలిసిన ఒక షాపాయనకు ఫోన్ చేస్తే "బోర్డు పోయింది, కొత్తది తీసుకో" అన్నడు. ఆదివారం రాత్రి కొత్తది ఎక్కడి నుంచి తేవాలి?

చివరికి మొఘల్‌పురాలో రిపేర్లు చేసే ఒక పెద్దాయనకు చేసిన. ఆయన నవ్వి, "అరే బేటా, బటన్ దబాకే కరెంట్ దే, తీన్ గిన్‌కే ఛోడ్ దే. బస్!" అన్నడు.

విషయం ఏంటంటే, ఈ బోర్డుల్లో బూట్‌లోడర్ రెండు కాపీలు ఉంటుంది. మనం అప్‌గ్రేడ్ చేసేది మెయిన్ కాపీని. బ్యాకప్ కాపీని ఆ అప్‌గ్రేడ్ ముట్టుకోదు. రీసెట్ బటన్ ముందే నొక్కిపట్టి, అప్పుడు కరెంట్ ఇచ్చి, మూడు సెకన్లకు వదిలేస్తే బ్యాకప్ లేస్తుంది. వదలకుండా ఇంకో రెండు సెకన్లు పట్టుకుంటే లైట్ మిణుకుమంటుంది. అప్పుడు వదిలితే సెట్టింగులన్నీ పోతాయి, పదకొండు ఇళ్ల పాస్‌వర్డులు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఇంకా లైట్ ఆరిపోయేదాకా పట్టుకుంటే నెట్‌ఇన్‌స్టాల్ కోసం వెతుకుతుంది, అంటే కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి సిస్టమ్ మళ్లీ ఎక్కించుకోవడం.

నేను వేలితో కాదు, టూత్‌పిక్‌తో నొక్కిన. ఒకటి, రెండు, మూడు, వదిలేసిన. కొంచెంసేపటికి బీప్! సెట్టింగులు అట్లనే ఉన్నయ్. అక్క మాట్లాడకుండా పైకి వెళ్లిపోయింది. ఆ రాత్రి మళ్లీ అప్‌గ్రేడ్ ముట్టుకోలేదు. పాప ఆప్షన్లు ఫ్రీజ్ చేసిందని తెలిసినంక, మర్నాడు పొద్దున మెయిన్ కాపీని మళ్లీ రాయించిన. ఈసారి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టి. హెక్స్ 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి అది సరిపోతుంది.

అదే రూటర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో ప్రొటెక్టెడ్ రూటర్‌బూట్ అని ఒకటి ఉంది. పేరు బాగుందని ఆన్ చేయకండి. అది పెడితే ఈ బటన్ ట్రిక్కులు పనిచేయవు. పాస్‌వర్డ్ మర్చిపోతే మొత్తం చెరిపేసుకోవడమే దారి. బూట్ డివైస్‌ను కూడా మార్చకండి. అక్కడ మామూలుగా ఉండేది, లోపల సిస్టమ్ దొరక్కపోతే నెట్‌వర్క్‌లో వెతుక్కునే ఆప్షన్. దాన్ని లోపలి మెమరీ ఒక్కటే అని మార్చారంటే ఆ దారి మూసుకున్నట్టే.

యూ-బూట్ ఉన్న చవక రూటర్లలో మాత్రం చాలావాటికి ఈ రెండో కాపీ ఉండదు. అక్కడ బూట్‌లోడర్ పాడైతే బోర్డు విప్పి, చిప్‌కి క్లిప్ పెట్టి ప్రోగ్రామర్‌తో రాయాలి. ఆ పని వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా, చిప్ దొరికితే. ఉంటా మరి.