గాజుకీ జ్ఞాపకం ఉంటుంది!

థర్మల్ కెమెరాతో కిటికీ అద్దం వెనకున్న మనిషిని చూడండి. కనిపించడు! అద్దం గోడలా అడ్డు నిలుస్తుంది. అదే పల్చటి నల్ల చెత్త కవర్ వెనక చెయ్యి పెడితే స్క్రీన్ మీద చక్కగా వెలుగుతుంది. ఈ కెమెరాలు చూసేది 8 నుంచి 14 మైక్రాన్ల పరారుణ కిరణాల్ని. మన ఒంటి వేడి బలంగా బయటికొచ్చేది అక్కడే. మామూలు గాజు వాటిని దాటనివ్వదు.

మరి ఆ కెమెరా లెన్స్ దేంతో చేస్తారు? ఎన్నో ఏళ్లుగా జెర్మేనియంతో. అది ఖరీదు ఎక్కువ, పైగా ఒక్కో లెన్స్‌ని వజ్రపు మొనతో చెక్కాలి. 2023 ఆగస్టు నుంచి చైనా దాని ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేసింది. అందుకే చాల్కోజినైడ్ గాజుకి గిరాకీ పెరిగింది. ఆర్సెనిక్, సెలీనియం కలిపి చేసే రకంలో జెర్మేనియం అసలే ఉండదు. వేడిచేసి అచ్చులో నొక్కితే చాలు, లెన్స్ రెడీ.

చెప్పినంత ఈజీ కాదు!

మాది హాలియా. మా ఇంట్లో పల్లీ పట్టీలు చేసేటప్పుడు అమ్మ పాకం చుక్క నీళ్లలో వేసి చూస్తుంది. వేడిగా ఉంటే సాగుతుంది, చల్లారితే పుటుక్కున విరుగుతుంది. గాజూ అంతే. ఆర్సెనిక్-సెలీనియం గాజు సుమారు 185 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఇంకాస్త వేడిచేసి నొక్కుతారు.

తంటా అంతా చల్లారేటప్పుడే. 10 మిల్లీమీటర్ల లెన్స్ 185 నుంచి 20 డిగ్రీలకొచ్చేసరికి దాదాపు 35 మైక్రాన్లు కుంచించుకుంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ అచ్చు మాత్రం 8 మైక్రాన్లే. లెన్స్ ఆకారంలో తేడా సాధారణంగా ఒక మైక్రాన్ లోపే ఉండాలి మరి! అంతా ఒకే తీరుగా కుంచించుకుంటే లెక్క సులువే. కానీ అంచు ఒకలా, మధ్యభాగం ఒకలా చల్లారతాయి.

దీనికి తోడు గాజుకి జ్ఞాపకం ఉంటుంది. గబగబా చల్లారిస్తే లోపలి అణువులు సర్దుకునే టైమ్ దొరక్క, అమరిక వదులుగానే బిగుసుకుపోతుంది. నెమ్మదిగా చల్లారిస్తే దగ్గరకి చేరతాయి. గాజు అదే అయినా సైజూ, వక్రీభవన గుణకమూ రెండూ మారతాయన్నమాట. బొమ్మ మసకబారడానికి అది చాలు.

లెక్కలో మనోడు

ఈ జ్ఞాపకాన్ని సమీకరణంలోకి తెచ్చినవాళ్లలో ఫోర్డ్ కంపెనీ శాస్త్రవేత్త నారాయణస్వామి ఒకరు. 1971లో ఆయన ఇచ్చిన మోడల్ టూల్, మొయినిహాన్‌ల పేర్లతో కలిసి టీఎన్‌ఎం మోడల్‌గా నేటికీ వాడుకలో ఉంది. కంప్యూటర్‌లో లెన్స్‌ని వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకీ ఉష్ణోగ్రత, ఒత్తిడి, ఈ జ్ఞాపకం... మూడూ క్షణక్షణం లెక్కిస్తారు. చివరికి లెన్స్ ఎటు ఎంత వంకర పోతుందో తెలుస్తుంది. అచ్చుని ముందే దానికి ఎదురు వంకరతో చెక్కుతారు. కార్బైడ్ అచ్చు చెక్కడం ఖర్చుతో, టైమ్‌తో కూడిన పని. ఒకటి తప్పినా మళ్లీ మొదటికే. కోడ్‌లో తప్పితే? మళ్లీ రన్ చేస్తే సరి.

మెకానికల్ వాళ్లూ, వింటున్నారా?

నేను రాసేది సిమ్యులేషన్ కోడ్. కాలేజీలో మెకానికల్ ఫ్రెండ్స్‌లో చాలామంది కోర్సు పక్కనపెట్టి ఐటీకొచ్చేశారు. హీట్ ట్రాన్స్‌ఫర్ ఇక పనికిరాదనుకున్నారు. కానీ ఇక్కడ అసలు సరుకు అదే. కోడ్ రాసేవాళ్లు చాలామందే దొరుకుతారు. గాజు ఎందుకు వంగిందో తెలిసి రాసేవాళ్లే తక్కువ.

ఈ పరారుణ రంగం మనకి దూరమేం కాదు. నాగ్ క్షిపణికి వేడిని చూసే ‘కన్ను’ హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో తయారైంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరారుణ కిరణాల్ని దాటనిచ్చే పదార్థాలపై పనిచేస్తోంది.

మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్, పైథాన్ చాలు. టీఎన్‌ఎం సమీకరణం రాసి, ఒకే గాజుని రెండు వేగాలతో చల్లార్చి చూడండి. గ్రాఫ్‌లో గీతలు రెండుగా చీలతాయి. గాజు జ్ఞాపకం అంటే అదే!