కంప్యూటర్ మార్చే ముందు...

మైపాడు వైపు ఉప్పుగాలికి కిటికీ చువ్వలే తుప్పుపట్టి రాలతాయి, ఇక కంప్యూటర్ ఎంత? మా హాస్టల్‌లోది మొరాయిస్తే ఫార్మాట్ చేయించాం. డి డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. కానీ స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగ ప్రకటనల కోసం మేము గుర్తుపెట్టుకున్న బుక్‌మార్కులన్నీ పోయాయి. ఒక దరఖాస్తు గడువు కూడా దాటిపోయింది.

కారణం తర్వాత తెలిసింది. బ్రౌజర్ వాటిని సి డ్రైవ్‌లో, మన కంటపడని ప్రొఫైల్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ మీటలు కలిపి నొక్కితే బుక్‌మార్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అక్కడి మూడు చుక్కల్లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తాయి. ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని తీసుకుంటుంది. సింక్ పెట్టుకోవచ్చు గానీ, పదిమంది వాడే కంప్యూటర్‌లో మేమైతే పెట్టం.

జీమెయిల్ చిరునామాలు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి కంప్యూటర్ మారినా పోవు. అయితే సర్వరూ శాశ్వతం కాదు. మన అన్నలు వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. కోర్సు ముగిశాక మెయిల్ ఖాతా తీసేసే కాలేజీలూ ఉన్నాయి. అందుకే కాంటాక్ట్స్ పేజీలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి సీఎస్‌వీ ఫైలు తీసుకోండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచి, ఇంకొకటి సొంత మెయిల్‌కు పంపుకోండి. హాస్టల్ కంప్యూటర్‌లో మాత్రం రీసైకిల్ బిన్‌తో సహా తుడిచేయండి. అందులో మనవాళ్ల ఫోన్ నంబర్లుంటాయి.